ఉతుకులో పడ్డ సీటు కాగితం

10 ఆగస్టు 1990, శుక్రవారం, కువైట్

ఇరాక్ సైనికులు దారిలో సోదా చేస్తున్నారని అమ్మ తన బంగారు గొలుసునూ, నా ఇంజనీరింగ్ కాలేజీ సీటు కాగితాన్నీ లంగా అంచులో పెట్టి కుట్టింది. ఈరోజు ఆ సంగతే మరిచిపోయి లంగా ఉతికేసింది! గొలుసు తళతళలాడింది, కాగితం ముద్దయింది. అమ్మ ఏడుస్తుంటే నాకు నవ్వాగలేదు.

అంత పేరున్న కాలేజీ అనేసరికి మార్చిలోనే సరేనన్నాను. ఈ వారం మా బిల్డింగు పిల్లలకు లెక్కలు చెబుతుంటే, టీచరునైతే చాలనిపిస్తోంది. పీడా పోయిందిలే అనుకున్నాను.

నాన్న నా నవ్వు చూసి కంగారుపడి తల నిమిరాడు. "భయపడాకు పాపా. కాలేజీ వాళ్ల రిజిస్టర్లో నీ పేరుండాది. సీటు యాడికీ పోదు."

ఒక్క రోజులో దేశమే పోయింది. నా సీటు మాత్రం పోదట!