పొయ్యి పక్కన పెట్టని బ్యాటరీ

అమ్మా నరన్‌గెరెల్, మేం కులాసానే, నువ్వు కంగారుపడకు.

ఇవాళ నీ పురిటికి బయలుదేరలేకపోయాను, మీ అన్న కారు కదల్లేదు. ఈ చలికి బ్యాటరీ ఊడదీసి పొయ్యి పక్కన పెట్టరా అని రాత్రి మొత్తుకున్నాను. "రెండు బ్యాటరీల బండమ్మా! ఒకటి పోతే ఇంకోటి లేదా?" అన్నాడు. తెల్లారేసరికి చిన్న బ్యాటరీ చచ్చింది. అది లేపకపోతే పెద్దది లేవదట! చిన్నదేమో డిక్కీలో ఉంది, బ్యాటరీ లేనిదే డిక్కీ తెరుచుకోదు. కాళ్లు బయటికి వేలాడేసి సీట్ల మీంచి డిక్కీలోకి పాకాడు. పక్క గుడారం సంబూ, "ఏరా, కారు నిన్ను మింగుతోందా?" అని ఒకటే నవ్వు. ఇప్పుడు మీ అన్న ఆ బ్యాటరీని పొయ్యి దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు, ఏం లాభం!

నీ ఫోను పలకడం లేదు. ఇవాళ్టి ఉలాన్‌బాతర్ బస్సులో చోటు లేక డ్రైవరు చేతికి ఈ కార్డిచ్చాను, రేపటి బస్సుకు వస్తాను. పురిటి చారుకు ఎముకలు కొన్నావా? మంచు మీద నడవకు. కడుపులో బిడ్డకు నా దీవెనలు. అమ్మమ్మ వస్తోంది, ఒక్క రోజు ఓపిక పట్టమని చెప్పు.

అమ్మ