మొదట పుట్టినవాడు

1743 జనవరి 9

మా ఆయన పోయి రెండు నెలలు దాటింది. అడవిపంది వేటకని వెళ్ళి గుర్రం మీంచి పడ్డాడు. తనివితీరా ఏడుద్దామంటే నన్ను ఒంటరిగా వదిలే దిక్కు లేదు. ఎప్పుడు చూసినా గదిలో ఎవరో ఒకరు.

కడుపులో ఉన్నది మగపిల్లాడైతే ఎర్లెన్‌స్టైన్‌కు వాడే డ్యూక్. వాడు పెద్దయ్యేదాకా రాజ్యం నేను చూసుకోవాలి. ఆడపిల్లయితే మొత్తం నా మరిది ఎగోన్‌ది. ఈ సంగతి కోటలో కుక్కలకు కూడా తెలుసు.

అందుకే రోజూ పొద్దున్నే ఎగోన్ భార్య అమాలియా వచ్చి నా కడుపు తడిమి చూస్తుంది. నేను దిండు కట్టుకుని తిరుగుతున్నానేమోనని మొగుడూ పెళ్ళాల అనుమానం. ఆ చేతులు మంచుగడ్డలు. ఇవాళ తడిమి, అబ్బ, ఎంత గట్టిగా ఉందో అక్కా, అంది. నీ మొగుడి తలకాయంత గట్టిగా లేదులే, అన్నాను. మొహం మాడ్చుకుని పోయింది. ఈ రెండు నెలల్లో నాకు దొరికిన సంతోషం అదొక్కటే.

జనవరి 20

ఎగోన్ వచ్చాడు. చేతులు నలుపుకుంటూ, చాలా బాధపడిపోతూ, మన వంశాచారం మీకు తెలుసు కదా వదినగారూ, అన్నాడు. బిడ్డ బయటపడటాన్ని రాజకుటుంబంలోని ఇద్దరు ఆడవాళ్ళు కళ్ళారా చూడాలి. చూడకపోతే ఆ బిడ్డ ఈ వంశానిది కాదు. నేనేం చేసేది, తాతల నాటి ఎటికెట్, అన్నాడు. ఆవుల మందలో కూడా ఇంత రోత లేదు. ఆవు ఈనేటప్పుడు పక్కకు తప్పుకునే పాటి మర్యాద పశువులకుంది.

ఒక సాక్షి అమాలియా. రెండో సాక్షి మా ఆయన మేనత్త హెడ్విగ్. పెళ్ళి చేసుకోకుండా కన్యాశ్రమానికి పెద్దగా ఉంటోంది. ఈ ఇద్దరికీ క్షణం పడదు. భోజనాల దగ్గర ముందు ఎవరు కూర్చోవాలో తేలక సూప్ చల్లారిపోవడం మాకు రోజూ ఉండేదే. ఒకరు డ్యూక్ కూతురు, ఒకరు డ్యూక్ కోడలు. ఎవరు గొప్పో చెప్పే మొనగాడు ఇంకా పుట్టలేదు.

ఫిబ్రవరి 3

పొద్దున అమాలియా తడమడానికి వస్తే గడియ వేసుకున్నాను. సాయంత్రానికల్లా మనిషిని పంపి గడియ ఊడబీకించారు.

మార్చి 2, మధ్యాహ్నం

నొప్పులు. మంత్రసాని ఒటీలీ వచ్చింది. సాక్షులకు కబురు వెళ్ళింది.

మార్చి 6

నీరసం తగ్గలేదు. కోపం అసలే తగ్గలేదు. అయినా రాస్తాను. ఇది ఇంకెవరూ రాయరు.

వాళ్ళిద్దరూ ఒకేసారి గుమ్మం దగ్గరికి వచ్చారు. మా కోటలో డ్యూక్ కూతురు వస్తుంటే తలుపు రెండు రెక్కలూ తెరవాలి. కోడలికి ఒక్క రెక్క చాలు. రెండూ తెరవండిరా, ముందు నేను వెళ్ళాలి, అంది హెడ్విగ్. తెరిస్తే తెరిచారు కానీ ముందు అడుగు నాది, రేపోమాపో డచెస్‌ని నేను, అంది అమాలియా. ఎవరి మాట వింటే ఎవరు కొరడా తీస్తారోనని నౌకర్లు బొమ్మల్లా నిలబడ్డారు. నేను మంచం పట్టె పట్టుకుని అరుస్తున్నాను. రండి తల్లీ, పాకుతూ వస్తారో దొర్లుతూ వస్తారో, ముందు లోపలికి రండి, అని మొత్తుకున్నాను. కాస్త ఓర్చుకో అమ్మాయ్, మర్యాద అనేది ఒకటుందిగా, అని గుమ్మం అవతలినుంచే హెడ్విగ్ జవాబు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు.

ఓర్చుకోవడం నా చేతుల్లో ఉందా? వాడు వచ్చేశాడు.

మగపిల్లాడు. ఒటీలీ రెండు చేతులతో పైకెత్తి చూపించింది. ఒళ్ళంతా ఎర్రగా, పిడికిళ్ళు బిగించుకుని, పుట్టడమే కోపంతో పుట్టాడు. వాడి ఏడుపు వినపడ్డాక బయట తగవు ఆగింది. ఇద్దరూ ఒకేసారి లోపలికి దూకబోయి, ఆ గౌన్ల వెడల్పుకు గుమ్మంలో ఇరుక్కున్నారు. వాళ్ళు పక్కవాటంగా తిరిగి ఊడిపడేసరికి ఒటీలీ బొడ్డు కోసి వాడిని గుడ్డలో చుట్టేసింది. అప్పుడే నా కడుపు మీద చెయ్యి పెట్టి, అమ్మగారూ, ఇంకొకరున్నారు, అంది.

రెండోది ఆడపిల్ల. దాన్ని మాత్రం ఇద్దరూ కళ్ళు పత్తికాయల్లా చేసుకుని చూశారు.

ఇక సాక్ష్యం. ఆడపిల్ల పుట్టడం చూశామన్నారు. మగపిల్లాడి మాటేమిటంటే, మేం వచ్చేసరికి మంత్రసాని చేతుల్లో ఉన్నాడు, ఎక్కడినుంచి వచ్చాడో మాకేం తెలుసు, అంది అమాలియా. హెడ్విగ్ వైపు చూశాను. చూడనిది చూశానని ఎలా చెప్పమంటావు, దేవుడికి మాటిచ్చినదాన్ని, అంది. ఒటీలీ ఏడుస్తూ ఒట్టు వేసింది. పల్లెటూరి మంత్రసాని ఒట్టు సభలో చెల్లదట. గంపలో కోడిపిల్లను తెచ్చినట్టు తెచ్చి ఉంటుందిలే, అన్నాడట ఎగోన్. సభలో అందరూ నవ్వారట.

నవ్వండి. ఇద్దరు పిల్లలూ చచ్చిపోయినాయన చెవులు పెట్టుకుని నా పక్కలో పడుకుని ఉన్నారు. ఒక్కడూ వచ్చి చూడడు. చెవులు చూసి వారసుడని ఒప్పుకునే ఆచారం లేదు కదా!

అమాలియా కావాలనే ఆలస్యం చేసిందా? అదైనా అయితే బాగుండు. కుట్ర అయితే నా కోపానికి ఒక విలువుండేది. కానీ నేనెరుగుదును. తలుపు దగ్గర వాళ్ళకు తలుపే ముఖ్యం.

మార్చి 9

ఎగోన్ వచ్చాడు. మీకు అన్యాయం జరిగిందనిపిస్తే చక్రవర్తి కోర్టులో కేసు వేసుకోండి వదినగారూ, అన్నాడు. తీర్పు వచ్చేదాకా పిల్లాడు నా సంరక్షణలో ఉంటాడు, అన్నాడు. ఆ కోర్టులో తీర్పంటే తాత కేసు వేస్తే మనవడు వినేదే. రాజ్యానికి అడ్డొచ్చే పసివాళ్ళకు మా వంశాల్లో జ్వరాలు తొందరగా వస్తాయి.

లేదా నా బిడ్డ కాదని ఒప్పుకుంటే, ఆ అనాథను తీసుకుని కొండ మీద విధవలకిచ్చే ఇంట్లో హాయిగా ఉండొచ్చట. ఆడపిల్ల మాత్రం కోటలోనే ఉండాలట. అది రాకుమార్తె. ఏదో ఒక రాజ్యానికి ఇచ్చి పెళ్ళి చెయ్యాలి కదా, అన్నాడు. దానికి వారం నిండి ఒక్కరోజు కూడా కాలేదు.

నేను నోరు తెరిచి తిట్టాను. నాకు తెలిసిన తిట్లన్నీ తిట్టాను. ఎగోన్ వాచీ చూసుకున్నాడు.

మార్చి 12

మాటతో ఒప్పుకుంటే చాలదట. మాట రేపు మార్చుకోవచ్చు. చర్చిలో వాడి జ్ఞానస్నానం నాడు బిడ్డను ఎత్తుకుని దేవుడికి పూచీపడే జ్ఞానమాతగా నేనే నిలబడాలట. కన్నతల్లి తన బిడ్డకు జ్ఞానమాత కాకూడదని చర్చి శాసనం. ఒకసారి ఆ జ్ఞానస్నానపు తొట్టి దగ్గర నిలబడితే, వాడు నా బిడ్డ కాదని దేవుడి ముందు చాటినట్టే. ఆ తర్వాత ఏ కోర్టూ నా మొర వినదు.

ఈ తెలివి ఎగోన్‌ది కాదు. హెడ్విగ్‌ది. నీ మేలు కోరే చెప్పాను అమ్మాయ్, పిల్లాడు బతుకుతాడు, అని నా చెయ్యి పట్టుకుంది. విదిలించుకున్నాను. ఆవిడ కళ్ళలో నీళ్ళు. ఆ నీళ్ళు చూస్తే నాకు ఇంకా ఒళ్ళు మండింది. గుమ్మం దగ్గర ఒక్క అడుగు వెనక్కి వేయలేని మనిషికి ఇప్పుడు జాలి పొంగుకొచ్చిందా?

మార్చి 15

డ్యూక్ అయి చావడం కన్నా అనాథ అయి బతకడం మేలు. ఒప్పుకుంటున్నానని కబురు పంపాను. పురిటి రోజులు తీరని ఆడది చర్చి గడప తొక్కకూడదు, కానీ నాకు మినహాయింపు ఇచ్చారు. ఎగోన్ పూలు పంపాడు. పందులకు వేయించాను.

ఆడపిల్లను ఇవాళే తీసుకుపోయారు. వాడు పక్క తడుముకున్నాడు.

మార్చి 20

చర్చి నిండా జనం. వాడిని నా చేతుల్లో పెట్టారు. బిడ్డ తల్లి పేరేమిటని ఫాదర్ అడిగాడు. తెలియదన్నాను.

తల మీద నీళ్ళు పోయగానే వాడు గుక్కపట్టి ఏడ్చాడు. నా నల్లగౌను ముందంతా పాలతో తడిసిపోయింది. అమాలియా, హెడ్విగ్, ఇద్దరూ తల పైకెత్తి కప్పు మీది బొమ్మలు చూస్తున్నారు.