ఫ్యూజు ఉండాల్సిన చోట

ఆదివారం రాత్రి, సైనిక్‌పురి

ఇమ్రాన్ అరచెయ్యి కాలింది. నా వల్లే.

నా ఎయిర్‌సాఫ్ట్ గన్‌లో, అదే బ్యాటరీ మోటారుతో ప్లాస్టిక్ గుళ్లు పేల్చే ఆట తుపాకీలో, ఫ్యూజు మాటిమాటికీ పోతోందని పోయిన వారం దాన్ని తీసేసి, ఆ చోట రాగి తీగ చుట్టాను. ఇంట్లో బోరు మోటారు ఫ్యూజు పోయినప్పుడల్లా నాన్న చేసే పనే అది. ఇవాళ నేరేడ్‌మెట్ గ్రౌండులో ఆట మధ్యలో ఇమ్రాన్ గన్‌లో ఫ్యూజు పోతే, వాడికి నాది ఇచ్చాను. తీగ సంగతి చెప్పలేదు. లోపల గేర్లు బిగుసుకుపోయి మోటారు తిరగలేదు. ఫ్యూజైతే పోయి కరెంటు ఆగేది, తీగ ఆపలేదు. బ్యాటరీ వైరు కాలి, కరిగిన ప్లాస్టిక్ వాడి చేతికి అంటుకుంది.

చేతిమీద నీళ్లు పోసుకుంటూనే వాడు, "ట్రిగ్గర్ జెర ఎక్కువసేపు నొక్కినట్టున్నరా. నీ గన్ ఖరాబ్ చేసిన, మాఫ్ చెయ్" అన్నాడు.

"ఏం కాదులేరా" అన్నాను. నేను వాణ్ణి క్షమించాను!

దారిలో బండి వెనక కూర్చుని అడిగాడు. "గింత పొగొచ్చింది గదా, నీ ఫ్యూజ్ ఎందుకు పోలే?"

"ఈ గన్లకు ఫ్యూజ్ అవసరమే లేదురా. మోటర్ చిన్నగుంటది." ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం...

"అట్లనా? మరి నా దాంట్ల ఉన్నది ఉత్తగనే పరేషాన్ చేస్తున్నది. పొద్దుగాల తీసి పారేసి, వైర్లు డైరెక్ట్ కలిపేస్తా."

వాడి ఇంటి ముందు దింపితే, కట్టు కట్టిన చెయ్యే ఊపి లోపలికి వెళ్లాడు.

ఫోను నా చేతిలోనే ఉంది. "ఫ్యూజు తీయకు" అంటే చాలు. కానీ వాడు "ఎందుకురా?" అంటాడు.