జైలుకు రాసిన ఇంగ్లీషు

1947 నవంబరు 9
నైజాం రాజ్యంలో మూడు రంగుల జెండా ఎగరేసినందుకు మా ఆయన్ని జైల్లో పెట్టి రెండు నెలలు. నేను తెలుగులో రాసిన మూడు ఉత్తరాలూ తిరిగి వచ్చాయి. ఉర్దూలోనో ఇంగ్లీషులోనో ఉంటేనే లోపలికి ఇస్తారట. నాకు రెండూ రావు. పక్కింటి దామోదర్ సారు బడిలో ఇంగ్లీషు చెప్తారు. ఏడ్వకు తల్లీ, నేను నేర్పిస్త అన్నారు. నేను ఏడవడం లేదు, మండిపడుతున్నాను.

నవంబరు 23
ఈరోజు పాఠం: ఆల్వేస్, ఆఫెన్, సమ్‌టైమ్స్, నెవర్. ఎప్పుడూ, తరచూ, అప్పుడప్పుడు, ఎన్నడూ లేదు అని, ఒక పని ఎన్నిసార్లు జరుగుతుందో చెప్పే మాటలు. ఈ నాలుగు వస్తే సంసారం మొత్తం రాయొచ్చు అన్నారు సారు. రాశాను. ఐ ఆల్వేస్ ఈట్. ఐ నెవర్ క్రై. మదర్ ఆఫెన్ లాఫ్స్.
మూడింటిలో మొదటిదే నిజం. అత్తమ్మ నవ్వి ఎన్నాళ్ళయిందో. గ్రామరు మాత్రం కరెక్టేనట.

డిసెంబరు 14
ఆయనతోపాటు జైల్లో ఉన్న సిద్ధిరాములు విడుదలై వచ్చాడు. భార్యకు బాగాలేదని తెలిసి, తప్పయింది క్షమించమని మాఫీనామా రాసిచ్చి వచ్చాడు. బజారులో ఎవరూ అతనితో మాట్లాడటం లేదు. ఆయన చెప్పి పంపిన మాట వాకిట్లోనే నిలబడి చెప్పాడు. ఇంటి సంగతులు మంచియే రాయాలె, ఏడుపులు రాస్తే నా మనసు ఆగదు అన్నారట. అతనికి మంచినీళ్ళయినా ఇవ్వలేదు నేను.

1948 జనవరి 18
అత్తమ్మకు పదకొండు రోజులుగా జ్వరం. దవాఖాన మందు పనిచేయడం లేదు. గంటగంటకూ అదే మాట. రామచందర్ వచ్చిండా? పిలగాన్ని ఒక్కసారి రమ్మని రాయి బిడ్డా.
ఆమె మంచం పక్కనే కూర్చుని రాశాను. మదర్ ఈజ్ ఆల్వేస్ వెల్.
ఆమెకు చదువు రాదు. రమ్మని రాసినవా అని అడిగింది. రాశానన్నాను. కాగితం తీసుకుని కళ్ళకు అద్దుకుంది.

జనవరి 19
ఉన్నది ఉన్నట్టు రాయి తల్లీ, నేను దిద్దుత అన్నారు సారు. ఆయన కూడా మాఫీ రాసిచ్చి తల దించుకుని వస్తే మీరు చూస్తారా అని ఎగిరిపడ్డాను. పాపం, ఆ పెద్దాయన ఏం చేశారు. అసలు నాకే భయం. సిద్ధిరాములు పెళ్ళాంలా మొహం దాచుకుని నీళ్ళకు వెళ్ళడం నా వల్ల కాదు. ఎవరూ చూడని ఈ పుస్తకంలోనైనా ఒప్పుకోవాలి.

ఫిబ్రవరి 2
అత్తమ్మ పోయింది.

ఫిబ్రవరి 15
కొరివి ఆయన చిన్నాయన కొడుకు పెట్టాడు. అన్నీ అయిపోయాయి. ఉత్తరం రాసే రోజు వచ్చింది.
మదర్ ఆఫెన్ టాక్స్ అబౌట్ యూ.

జూన్ 6
సారు నా ఉత్తరాలు దిద్దడం మానేశారు. ఇప్పుడు తప్పులు లేవు తల్లీ అన్నారు, నా మొహం చూడకుండా.

సెప్టెంబరు 24
నైజాం రాజ్యం పోయింది. జైళ్ళు తెరిచారు. గజ్వేల్ దాకా లారీలో, అక్కడి నుంచి ఎవరిదో బండిలో వచ్చారు ఆయన. ఎముకల గూడు. మెడలో ఎవరో వేసిన బంతిపూల దండ. గడప దాటుతూనే అమ్మా అని పిలిచారు.
చెప్పాను. ఫిబ్రవరిలోనే అని కూడా చెప్పాను.
ఒక్క మాట రాస్తే మాఫీనామా మీద దస్కతు చేసి ఉరికొస్తుంటి గద సులోచనా అన్నారు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

సెప్టెంబరు 30
అమ్మ నన్ను అడిగేదా అన్నారు.
అప్పుడప్పుడు అన్నాను.