అత్తగారు అడిగిన మాట

జూలై 3, బుధవారం

వాలీబాల్ నెట్ కడుతూ స్టూల్ మీద నుంచి పడ్డాను. కూలబడినట్టు పడ్డాను. పద్దెనిమిదేళ్లుగా పడ్డ పిల్లలకి దులుపుకొని లెమ్మని చెప్పే డ్రిల్లు మాస్టారిని. అందుకని దులుపుకొని లేచాను. ఇంటికొచ్చాక బూట్లు విప్పుకోలేకపోయాను. మా ఆవిడ విప్పి, వెంటనే డాక్టరు నంబరు వెతికింది. అది చూసి నాకు భయమేసింది.

జూలై 4

ఎక్స్-రేలో ఎముక విరగలేదట. డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. కండరం పట్టేసి ఉండవచ్చు. డిస్క్ పక్కకి జరిగి నరాన్ని నొక్కుతూ ఉండవచ్చు. ఎక్స్-రేకి దొరకని చిన్న చీలిక కూడా కావచ్చు. ఎడమ కాల్లోకి కరెంటు పాకినట్టుందంటే, నరం మీద ఒత్తిడి అంది. చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుందట. కానీ రెండు కాళ్లూ మొద్దుబారినా, కూర్చునే చోట స్పర్శ పోయినా, మూత్రం దగ్గర తేడా వచ్చినా ఆ గంటే పరిగెత్తుకు రమ్మంది.

ఈ చివరి ముక్క మా ఆవిడకి చెప్పలేదు. నాకెందుకు వస్తుంది?

జూలై 6

అత్తగారు దిగారు. రిటైరైన బస్ కండక్టరు. ఆ గొంతుకి మా గోడలు చాలవు. పెళ్లయిన పదకొండేళ్లలో మేమిద్దరం మాట్లాడుకున్నది ప్రయాణం గురించీ, భోజనం గురించీ అంతే. ఇప్పుడు మా ఆవిడ ఆఫీసుకెళ్తే ఇంట్లో మేమిద్దరమే. నేను పట్టుకుని నడవడానికి మంచం నుంచి బాత్రూం దాకా కుర్చీలు వరసగా వేశారు.

జూలై 8

కుర్చీ తర్వాత కుర్చీ పట్టుకుని నడుస్తుంటే వెనక నుంచి, ముందుకి జరగండి, ముందుకి జరగండి అన్నారు. నవ్వితే నడుము కలుక్కుమంది. సారీ చెప్పి, మళ్లీ అదే అన్నారు.

జూలై 10

ఎడమ పాదం చెప్పుని పట్టుకోవడం లేదు.

జూలై 11, ఉదయం

కుడి కాలు కూడా మొద్దుబారింది. కూర్చుంటే కింద దిండున్నట్టుంది. దిండు లేదు. బాత్రూంలో చాలాసేపు నిలబడ్డాను. రావడం లేదు. ఇది ఎవరికి చెప్పుకోను? మా ఆవిడ ఆడిట్ ఉందని పెందలాడే వెళ్లిపోయింది. ఫోన్ తీసి, పెట్టేశాను. సాయంత్రం చూద్దాం.

జూలై 11, మధ్యాహ్నం ఒంటిగంట

ఆస్పత్రిలో ఉన్నాను. రెండోసారి బాత్రూంలోకి వెళ్లినప్పుడు అత్తగారు తలుపు కొట్టారు.

"అల్లుడు గారూ, పావుగంటైంది. మూత్రం వస్తోందా, లేదా?"

పక్కింటివాళ్లకీ వినపడి ఉంటుంది. వస్తోందన్నాను. ఆవిడ, నాకు తెలిసి మొదటిసారి, గొంతు తగ్గించారు. వాళ్ల డిపోలో ఒక డ్రైవరుకి ఇలాగే నడుముకి దెబ్బ తగిలిందట. సిగ్గుపడి నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదట. ఇప్పటికీ మూత్రానికి గొట్టంతోనే తిరుగుతున్నాడట.

"ముప్పయ్యేళ్లు బస్సులో తిరిగాను బాబూ. సిగ్గంటే మీకుందేమో, నాకు లేదు. రావడం లేదు కదూ?"

"లేదండీ."

ఆ ఒక్క మాట అనేసరికి ఏడుపొచ్చింది.

ఎమర్జెన్సీలో కౌంటర్ దగ్గర అత్తగారు స్టాపుల పేర్లు చదివినట్టు చదివారు. రెండు కాళ్లూ మొద్దు. కూర్చునే చోట స్పర్శ లేదు. పొద్దుట్నుంచీ మూత్రం లేదు. కారిడార్ మొత్తం నా వంక తిరిగింది. సిగ్గుతో చచ్చిపోవాల్సింది. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

గొట్టం వేశారు. స్కాన్ చేశారు. డిస్క్ చితికి, వెన్ను చివర ఉండే నరాల గుత్తిని నొక్కేస్తోందట. రేపటిదాకా ఆగేది కాదట. ఇవాళే ఆపరేషన్. మా ఆవిడ దారిలో ఉంది.

జూలై 14

అరికాళ్లలో చీమలు. మంచి సూచనే అన్నాడు సర్జన్. అన్నీ ఎప్పటికి తిరిగొస్తాయో, ఎంత తిరిగొస్తాయో మాత్రం చెప్పలేనన్నాడు. దాచిన ముక్క మా ఆవిడకి చెప్పేశాను. తిట్టలేదు. నా పాదం ఒళ్లో పెట్టుకుని వేళ్లు ఒక్కొక్కటే నొక్కుతూ తెలుస్తోందా అని అడిగింది. నాలుగోది తెలిసింది. అబద్ధమేమోనని కళ్లు మూయించి మళ్లీ అడిగింది.

జూలై 17

పొద్దున గొట్టం తీశారు. పదిన్నరకి వచ్చింది. కొంచెమే. అత్తగారు అడగకముందే నేనే చెప్పాను. ఆవిడ వార్డంతటికీ చెప్పారు.