బావ పొలం మీద ఎర్రచుక్క

శుక్రవారం, ఎల్‌బీ నగర్

పొలాలు తగలబెట్టే చోట్లను శాటిలైట్ చిత్రాల్లో గుర్తించడమే నా ఉద్యోగం. మంట ఉన్నచోట ఎర్రచుక్క పడితే, జరిమానా వేయడానికి ఆఫీసర్లు వెళ్తారు. ఇవాళ ఒక ఎర్రచుక్క నల్గొండ దగ్గర అక్కావాళ్ల పొలం మీదే పడింది. వరి కొయ్యకాళ్లు కాలుస్తున్నారు. పొగ వాళ్ల ఇంటి మీదుగా సాగింది. అక్కకు ఆస్తమా.

ఇంటికి వస్తూ మెట్రో మెట్ల దగ్గర ఆగి బావకు ఫోన్ చేశాను.

"ఏంది, మీదికెళ్లి మమ్మల్నే చూస్తున్నవా?" అని నవ్వాడు. "గా శాటిలైట్ ఎన్నింటికి పోతదో చెప్పు. అది పొయ్యినంక మిగిలిన మడి కాలబెడ్తం."

"అక్కకు ఊపిరాడదు బావా."

"ఆడకుంటే నువ్వే తోలుకపో."

వెనక అక్క దగ్గుతోంది. ఫోన్ ఆమె చేతికే ఇచ్చాడు.

"చెల్లే, జర టైం చెప్పవే. ఆఫీసర్లొస్తే మీ బావ కోపమంతా నా మీదనే తీస్తడు," అంది. మాట మాటకీ మధ్య ఛాతీలో పిల్లికూతలు వినిపించాయి.

శాటిలైట్ మధ్యాహ్నమే దాటిపోతుందని, సాయంత్రం కాలిస్తే మాకు దొరకదని చెప్పాను. బావ ఫోన్ తీసుకుని, "మా మరదలు మస్తు హుషారు" అన్నాడు.

రేపటి చిత్రంలో ఆ పొలం మీద ఎర్రచుక్క ఉండదు. సాయంత్రం పొగ లేస్తే అక్క ఎక్కడికి పోతుందో మాత్రం నేను అడగలేదు.