ఊడని ఉంగరం

జూన్ 6

రేణుక కర్నూలు నుంచి వచ్చింది. మనవరాలు వస్తే ఇల్లంతా చప్పుడే. కాలేజీలో నలుగురు అమ్మాయిలు బల్ల చుట్టూ చేరి ఒక ఆట ఆడతారట. ఒకరు కత్తి పట్టినవాడు, ఒకరు మంత్రగత్తె... కథ నడిపేది మా రేణుక. ఎవరు గెలిచేదీ పాచిక చెబుతుంది. ఇరవై ముఖాల పాచిక! నా చేతిలో పెట్టింది. రేగిపండంత ఉంది.

"ఆటలో ఒక ఉంగరం ఉండాది తాతా. శాపం ఉంగరం. నిజంగానే పోసియ్యి. వాళ్లు జడుసుకోవల్ల."

సరేనన్నాను. నన్ను ఇత్తడిలో ఏదైనా పోసిమ్మని ఎవరైనా అడిగి చాలా రోజులైంది. ఇప్పుడందరికీ స్టీలే.

జూన్ 7

"శాపం గూడా నువ్వే చెప్పు తాతా."

నాకేం తెలుసు. నలుగురిలో నోరు తెరిస్తే మాట తడబడే మనిషిని. వదలదే. చివరికి ఏదో అన్నాను — "ఆ లోహం యాడిదో ఆడికి పోయేదాకా ఏలికి ఊడదు."

"అబ్బా! ఏం శాపం పెడితివి తాతా!" పుస్తకంలో రాసుకుంది.

ఎందుకొచ్చిందో నోట్లోకి ఆ మాట.

జూన్ 9

మైనంతో ఉంగరం చేసి, మట్టి పూసి, ఆరబెట్టి... డబ్బాలోని ఇత్తడి ముక్కలు మూసలో కరిగించి పోశాను. కళ్లు సరిగా ఆనవు. చేతికి దొరికినవి వేశాను. పోయగా మిగిలి బిళ్లగా గడ్డకట్టిన లోహాన్ని సాగగొట్టి, పక్కింటి లక్ష్మక్క చెంబు అడుక్కు అతుకు వేశాను. ఆ చెంబు లేనిదే ఆమె అహోబిలం కొండ ఎక్కదు.

జూన్ 10

ఉంగరం బాగా వచ్చింది. ఇత్తడికి ఇంత ఎరుపు ఉండదే.

జూన్ 13

రేణుక వచ్చి తీసుకుపోయింది. వాకిట్లోనే నడిమి వేలికి తొడిగింది. బిగుతుగా ఉంది. "సాగగొడతా, ఇయ్యి" అన్నాను. "ఇప్పుడు గాదు తాతా, బస్సు పోతాది."

జూన్ 15

మస్తాన్ అన్న వచ్చాడు. ఊరి పీర్ల చావిడి చూసుకునేది ఆయనే. అరుగు మీద కూర్చుని బీడీ ముట్టించాడు.

"నెల పొడుస్తాంది బ్రమ్మయ్యా. పెద్ద పీరుకు ఏలు అతకల్ల. గుర్తుండాదా?"

పోయినేడు పీర్ల పండగ ఊరేగింపులో పెద్ద పీరు లోహపు చేతికి చిటికెన వేలు విరిగింది. రాగి పాలు ఎక్కువున్న ఆ ముక్కను పచ్చగుడ్డలో చుట్టి నాకే ఇచ్చాడు. కరిగించినా మళ్లీ ఆ పీరుకే చేరాలి. పీరు లోహం గిన్నెకు పోకూడదు, నగకు పోకూడదు. మా నాయన నాకు మొదట నేర్పింది అదే.

లోపలికి పోయి గూట్లో చేయి పెట్టాను. ఖాళీ. పచ్చగుడ్డ పెరట్లో దండెం మీద ఆరుతోంది.

"మాసిపోయిండాదని ఎప్పుడో ఉతికితి మామా. ఆ గుడ్డతోనే కదా పొయ్యి కాడ గిన్నెలు దించేది ఇప్పుడు" అంది కోడలు. "అండ్లో ముక్కనా? ఇత్తడి ముక్కే గదా అని డబ్బాలో ఏస్తి."

బయటికి వచ్చాను. "రెండు దినాలు ఆగు అన్నా." ఆయన మొహం చూడలేదు.

జూన్ 16

డబ్బా మూడుసార్లు కుమ్మరించి వెతికాను. లేదు. ఉంగరానికి ఆ ఎరుపు ఎక్కడిదో తెలిసింది.

సాయంత్రం రేణుక ఫోను. నవ్వుతోంది. "ఊడి రాలే తాతా! సబ్బు పెట్టినా, నూనె పెట్టినా. నీ శాపం పనిచేస్తాంది!"

వెనక ఎవరో పిల్ల — "మీ తాత మంత్రాలోడా ఏందే?"

ఫోను పెట్టేశాను.

జూన్ 17

నెల కనపడింది. చావిడి ముందర గుండం తవ్వుతున్నారు. పోలేదు.

జూన్ 18

రేణుక మళ్లీ ఫోను చేసింది. వేలు వాచిందట. డాక్టరు ఉంగరం కత్తిరిస్తానన్నాడట.

"కొయ్యనియ్యొద్దు!"

అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు నేను. "ఎందుకు తాతా?" ఇంటికి రమ్మన్నాను. పీరు లోహానికి కత్తెర పడితే ఏం ముంచుకొస్తుందో అని... ఆ క్షణాన పిల్ల వేలు నాకు గుర్తే లేదు. ఇప్పుడు అదే కళ్ల ముందు.

జూన్ 19

పొద్దున లక్ష్మక్క అహోబిలం బస్సెక్కింది. చంకలో చెంబు.

మధ్యాహ్నం రేణుక డోన్‌లో రైలు దిగి వచ్చింది. వేలు వంకాయ రంగు. దారం ఉపాయం చేశాను — వేలికి దారం బిగించి చుట్టి, ఉంగరం కిందుగా కొస లాగి తిప్పుతూ వస్తే జారుతుంది. ఎందరికి తీశానో అలా. కణుపు దగ్గర ఆగిపోయింది. పిల్ల పళ్లు బిగబట్టింది. ఆపేశాను.

చెప్పేశాను. గుడ్డ, డబ్బా, పీరు వేలు. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"యాడిదో ఆడికి పోయేదాకా... అని నువ్వే అంటివి గదా తాతా." "పా, మస్తాన్ తాత కాడికి పోదాం."

రేపన్నాను. మా తాత నాటి నుంచి పీర్లను మా చేతికే ఇస్తారు. ఇది తెలిస్తే ఇక ఎవరిస్తారు... వేలు నల్లబడుతుంటే రేపన్నాను.

జూన్ 20

చావిడికి పోయాం. మస్తాన్ అన్న అంతా విన్నాడు. తల వంచుకుని నిలబడ్డాను.

"పీరుకు ఏడాదిగా ఏలు లేకపాయ. ఇంగో రెండు దినాలు ఓర్చుకుంటాది. పాప ఏలు ఓర్చుకుంటాదా? కొయ్యప్పా ముందు!"

ఉంగరం కింద పల్చని రేకు దూర్చి, ఆకురాయితో అరగదీశాను. రేణుక కళ్లు మూసుకుంది. అవతలి వైపు కూడా అరగదీశాను. రెండు ముక్కలై రాలింది.

మస్తాన్ అన్న ముక్కలు కళ్లకద్దుకుని, నేను తెచ్చిన పచ్చగుడ్డలో పెట్టాడు. గుడ్డ అంచును వెలుతురుకు పట్టి చూశాడు. "బాగనే ఉతికిండాదప్పా నీ కోడలు."

రేణుక నవ్వింది. నేనూ నవ్వబోయాను.

"పీరు లోహం అంతా వచ్చినట్టే గదా?"

"వచ్చె అన్నా."

మూట నా చేతికే ఇచ్చాడు.

జూన్ 21

డాక్టరు చూశాడు. రక్తం ఆడుతోందట. స్పర్శ రావడానికి టైం పడుతుందన్నాడు. వస్తుందా అని అడిగితే, చూద్దాం అన్నాడు.

ఎల్లుండి పీర్లు నిలబెడతారు. పీరు వేలికి మైనం అచ్చు చేసి, ఉంగరం ముక్కలు పక్కన పెట్టి చూసుకున్నాను. చాలవు. ఒక బిళ్లంత తక్కువ.

బిళ్ల.

లక్ష్మక్క చెంబు.

ఫోను చేశాను. పలకదు. కొండ మీద సిగ్నల్ ఉండదట. ఎప్పుడొస్తుందో వాళ్లింట్లోనూ తెలియదు. నిన్న చావిడిలో నిలబడి 'వచ్చె' అన్నాను, పీర్లుండే చోట.

రేణుక వాకిట్లో కూర్చుని సూదితో వేలి కొస గుచ్చుకుంటోంది. "ఏం తెలీలే తాతా."

మళ్లీ పోయి మస్తాన్ అన్నకు చెప్పాలి. చెప్పులు వేసుకుని ఇది రాస్తున్నాను. ఆమె ఇంకా గుచ్చుకుంటూనే ఉంది...